ఆఫ్రికాలో కార్గో పైలట్ ఉద్యోగం: 200 గంటల లైసెన్సుతో వెళ్లొచ్చా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చిన కమర్షియల్ లైసెన్సు చేతిలో ఉంది, ఎగిరిన గంటలు 200 పైచిలుకు, రెండేళ్లుగా ఇక్కడ ఏ ఎయిర్‌లైన్ నుంచీ పిలుపు రాలేదు. ఒక ఏజెంటు దక్షిణ సూడాన్‌లోని జూబాలో సెస్నా కారవాన్ కార్గో విమానం మీద కో-పైలట్ సీటు ఇప్పిస్తానంటున్నాడు, అందుకు 'లైన్ ట్రైనింగ్' పేరిట 15 లక్షలు అడుగుతున్నాడు. వెళ్లాలా వద్దా? అక్కడ నిజంగా అంత ప్రమాదమా? ఆ గంటలు రేపు ఇండియాలో పనికొస్తాయా?

ముందు సూటిగా చెప్తాను. ఆ 15 లక్షలు కట్టి మాత్రం వెళ్లకండి. ఆఫ్రికాకే వెళ్లొద్దని కాదు. నేను నైరోబీలో ఉంటూ పదేళ్లకు పైగా అక్కడే ఎగిరాను. మొదట కారవాన్, తర్వాత లెట్ 410, ఆ తర్వాత 737 ఫ్రైటర్. విమానం నడపడం గురించి నాకు తెలిసిందాంట్లో ముప్పాతిక అక్కడ వచ్చిందే. కానీ ఆ ఉద్యోగంలో మీరు క్షేమంగా ఉంటారా లేదా అన్నది స్ట్రిప్ (మారుమూల మట్టి రన్‌వే) ఎంత పొట్టిది, మబ్బు ఎంత నల్లగా ఉంది అన్నదానికంటే, 'ఈ లోడు నేను తీసుకెళ్లను' అని చెప్పి కూడా మర్నాడు ఉద్యోగంలో ఉండగలరా అన్నదాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. సీటు కోసం ఎదురు డబ్బు కట్టినవాడు ఆ మాట అనలేడు. ఊళ్లో పొలం తాకట్టులో ఉంటే అసలే అనలేడు.

ఇంకో సంగతి. కారవాన్ ఒకే పైలట్‌తో నడపడానికి సర్టిఫై అయిన విమానం. రెండో సీటులో మనిషి ఉండి తీరాలని ఆ దేశపు నిబంధనో, ఆపరేటర్ మాన్యువలో చెప్పకపోతే, ఆ సీటులో మీరు కూర్చున్న సమయాన్ని ఏ అథారిటీ లెక్కలోకి తీసుకోదు. కో-పైలట్ ఉండాలని నిబంధన ఉన్నా సరే, అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో లైసెన్సుల నిబంధనల (అనెక్స్ 1) ప్రకారం అలాంటి సింగిల్ పైలట్ విమానం మీద కో-పైలట్ గంటల్లో పై లైసెన్సుకు లెక్కకొచ్చేది మామూలుగా సగానికి మించదు. రెండో సీటుకు తగ్గ పరికరాలు ఉండి, ఇద్దరు పైలట్లు పని పంచుకునే మల్టీ క్రూ పద్ధతిలో నడిపితే పూర్తిగా ఇవ్వొచ్చు. మీ ఏజెంటు 'ఏడాదిలో 800 గంటలు' అంటున్నాడేమో, అందులో లాగ్‌బుక్కులో నిలబడేవి ఎన్నో ముందు అతన్నే అడగండి. జవాబు రాకపోతే అతనికి తెలియదనో, తెలిసీ చెప్పడం లేదనో అనుకోవాలి.

200 గంటలకు అక్కడ ఉద్యోగమే లేదా? ఉంది కానీ జూబాలో కాదు. విదేశీ పైలట్‌ను వర్క్ పర్మిట్ కట్టి తెచ్చుకునేది అక్కడ దొరకని అనుభవం కోసం. కెన్యాలోనూ మీలాగే 200 గంటలతో ఖాళీగా ఉన్న పిల్లలు నైరోబీలో చిన్న విమానాలు ఎగిరే విల్సన్ ఎయిర్‌పోర్టు చుట్టూ బయోడేటాలు పట్టుకుని తిరుగుతుంటారు. వాళ్లను కాదని మిమ్మల్ని తీసుకోవడానికి కంపెనీకి కారణం ఏమిటి? మీరు కట్టే డబ్బు తప్ప ఇంకేం కనపడదు. ఇక యునైటెడ్ నేషన్స్ కాంట్రాక్టులు, గని కంపెనీల కాంట్రాక్టులు ఉన్న చోట కో-పైలట్‌కు కూడా కనీస గంటల షరతు ఉంటుంది, 200తో ఆ గడప దాటలేరు.

తక్కువ గంటల వాళ్లకు ఏళ్ల తరబడి పేరున్న చోటు బోట్స్వానాలోని మౌన్. ఒకవాంగో డెల్టాలో సఫారీ క్యాంపులకు సెస్నా 206లు టూరిస్టులను, కూరగాయలను, గ్యాస్ సిలిండర్లను మోస్తుంటాయి. టూరిస్టు సీజను మొదలయ్యే ముందు అక్కడికి వెళ్లి, కంపెనీ కంపెనీ తలుపు తట్టి, ఖాళీ వచ్చేదాకా ఓపిక పట్టినవాళ్లే ఉద్యోగం తెచ్చుకున్నారు. పర్మిట్ల విషయంలో స్థానికులకే ముందు చోటు, కాబట్టి అదీ గ్యారంటీ కాదు. కానీ అక్కడ మీకు దొరికేది పైలట్ ఇన్ కమాండ్ గంటలు, అంటే విమానం బాధ్యతంతా మీదే అయిన ఎడమ సీటు గంటలు. ఏజెంటుకు ఇచ్చే దాంట్లో కొంత భాగంతోనే ఆ ప్రయత్నం చేయొచ్చు. లేదంటే ఇక్కడే ఫ్లయింగ్ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్ రేటింగ్ చేసి, గంటలు పెంచుకుని, ఆ తర్వాత ఆఫ్రికా వైపు చూడండి. నాకు తెలిసిన మన తెలుగు పైలట్లలో అక్కడ నిలదొక్కుకున్నవాళ్లు ఎక్కువమంది ఈ రెండో దారిలో వచ్చినవాళ్లే.

ఇక పని ఎలా ఉంటుందో చెప్తాను, ఎందుకంటే 'కార్గో' అనగానే చాలామంది పెద్ద జెట్లూ కంటెయినర్లూ ఊహించుకుంటారు. అవీ ఉన్నాయి. నైరోబీ జోమో కెన్యాట్టా నుంచి రాత్రిళ్లు గులాబీలు ఆమ్‌స్టర్‌డామ్‌కు వెళ్తాయి, అడిస్ అబాబా నుంచి ఇథియోపియన్ వాళ్ల 777లు వెళ్తాయి. కానీ కొత్తవాడికి దొరికేది ఆ పని కాదు. విల్సన్ నుంచో, జూబా నుంచో, కాంగో తూర్పున ఉన్న పట్టణాల నుంచో చిన్న టర్బోప్రాప్‌ల (టర్బైన్ ఇంజిన్‌తో ప్రొపెల్లర్ తిరిగే విమానాల) మీద మందులు, జొన్నలు, వంటనూనె, సోలార్ ఫ్రిజ్‌లు, మోటారు సైకిళ్లు, సోమాలియాకు మీరా ఆకు (నమిలితే హుషారునిచ్చే మత్తు ఆకు). మెరూ కొండల్లో తెల్లవారకముందే కోసిన ఈ ఆకు వాడిపోతే ధర పడిపోతుంది, కాబట్టి మీరా ఫ్లైటుకు ఆలస్యం అన్న మాటే గిట్టదు. కాంగోలో అయితే ఒకప్పుడు వాలికాలే దగ్గర కిలాంబో అనే చోట తారు రోడ్డు మీదే దిగి, తగరపు ఖనిజం బస్తాలు ఎక్కించుకుని గోమాకు వెళ్లేవాళ్లు. లారీలు ఆపి విమానానికి దారి ఇచ్చేవారు.

దక్షిణ సూడాన్‌లో విమానం ఎందుకు ఇంత అవసరమో మన రైతు బిడ్డలకు ఒక్క ముక్కలో అర్థమవుతుంది. అక్కడ నేల చాలా భాగం నల్లరేగడి. మే నుంచి అక్టోబరు దాకా వానలు పడితే లారీ కదలదు. స్ట్రిప్పులు కొన్ని ఎర్ర మొరంతో వేసినవి, వాన వెలిశాక కొన్ని గంటల్లో ఆరిపోతాయి. రేగడి మీద నేరుగా చదును చేసినవి మాత్రం ఒక్క గట్టి వానకు బంకగా మారతాయి. పైనుంచి చూస్తే ఆరినట్టే ఉంటుంది, చక్రం దిగితే ముక్కు చక్రం కాలు విరుగుతుంది. అందుకే బయల్దేరే ముందు ఆ ఊళ్లో ఉన్న సహాయ సంస్థ మనిషికి శాటిలైట్ ఫోన్ చేసి, 'ల్యాండ్ క్రూజర్‌ను స్ట్రిప్ మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిపి చూడు, బండి గాడి ఎంత లోతు పడిందో చెప్పు' అని అడుగుతాం. అతను 'ఫర్వాలేదు, దిగొచ్చు' అంటే ఒప్పుకోకూడదు. అతనికి సరుకు కావాలి, అందుకని మంచి మాటే చెబుతాడు. గాడి లోతు ఎంత, నీళ్లు ఎక్కడ నిలిచాయి, ఆవులు ఎటు ఉన్నాయి అని విడివిడిగా అడగాలి. వెళ్లాక కూడా ముందు ఒకసారి తక్కువ ఎత్తులో స్ట్రిప్ మీదుగా పోయి చూసుకోవాలి. ఆవులూ మేకలూ పక్కకు తప్పుకుంటాయి, గాలి గొట్టం లేకపోతే పొయ్యిల పొగ బట్టి గాలి ఎటో తెలుస్తుంది.

ఇక అసలు విషయం, బరువు. దీని గురించి ఎక్కువ రాస్తాను, మిగతావన్నీ పుస్తకాల్లో దొరుకుతాయి.

గ్రాండ్ కారవాన్ గరిష్ఠ టేకాఫ్ బరువు 8,750 పౌండ్లు, అంటే 3,969 కిలోలు. కార్గో కోసం సీట్లు తీసేసిన విమానం ఉత్త బరువు 2,200 కిలోల దాకా పోతుంది. ఇద్దరు పైలట్లు, రెండున్నర గంటలకు చాలే ఇంధనం, రిజర్వు అన్నీ వేసుకుంటే సరుకుకు మిగిలేది అటూ ఇటూగా టన్ను. అంటే 50 కిలోల జొన్న బస్తాలు 19 లేదా 20. కాగితం మీద లెక్క ఇంతే. కానీ నైరోబీ మార్కెట్‌లో ఉల్లిపాయలు, బంగాళాదుంపలు బస్తాలో ఎలా వస్తాయో తెలుసా? బస్తా మూతి దగ్గర ఇంకో వల కుట్టి, గోపురంలా పైకి పేరుస్తారు. దాన్ని అక్కడ లుంబేసా అంటారు. బంగాళాదుంపల బస్తా 50 కిలోలు మించకూడదని కెన్యాలో రూలు ఉంది. లుంబేసా వంద దాటుతుంది. ఏజెంటు కాగితంలో మాత్రం 'బస్తాలు 20, ఒక్కొక్కటి 50' అనే ఉంటుంది. గుంటూరు మిర్చి యార్డులో కాటా దగ్గర నిలబడ్డవాళ్లెవరికీ ఈ కథ కొత్త కాదు, తేడా అల్లా ఇక్కడ ఆ కాటా మోసం గాల్లోకి లేస్తుంది.

కాబట్టి కంపెనీకి ఎప్రన్ (విమానాలు నిలిపి లోడు చేసే చోటు) మీద కాటా ఉందా లేదా అన్నది నేను మొదట చూసే విషయం. కాటా లేకపోతే బస్తాల వరస మీద సుద్దముక్కతో గీత గీసుకుంటూ నేనే లెక్కపెడతాను, అనుమానం వచ్చిన బస్తాను హమాలీతో పాటు నేనూ ఒక చివర పట్టుకుని ఎత్తి చూస్తాను. గోనె తడిగా ఉంటే బరువు పెరిగినట్టే. కారవాన్ లోపల గోడ మీద ఒకటి నుంచి ఆరు దాకా జోన్లు గీసి ఉంటాయి, ఒక్కో జోనుకు ఒక్కో పరిమితి. హమాలీలు తలుపు వెనక వైపు ఉంది కదా అని బరువంతా అక్కడే దించేస్తారు. తోక కింద స్టాండు పెట్టకపోతే విమానం ముక్కు పైకి లేచి తోక మీద కూర్చుంటుంది. స్టాండు పెట్టి లోడు చేశాక, దాన్ని తీయబోతే బిగుసుకుపోయి రాకపోతే అదే ఒక సమాచారం. బరువు వెనక్కి పోయింది. ఆ స్టాండును కాలితో తన్ని ఊడదీసేవాళ్లను చూశాను. వాళ్లతో కలిసి ఎక్కకండి.

మొదట్లో నేను చేసిన ఒక కంపెనీలో (పేరు అనవసరం) ఒక రోజు విల్సన్‌లో ఇలాగే బస్తాలు ఎక్కించారు. మధ్యాహ్నం ఎండ. విల్సన్ సముద్రమట్టానికి 5,500 అడుగుల పైన ఉంటుంది. ఉష్ణోగ్రత 25 డిగ్రీలుంటే ఇంజిన్‌కూ రెక్కకూ అది 8,000 అడుగుల ఎత్తులో ఉండే పల్చటి గాలితో సమానం. రన్‌వే ఒకటిన్నర కిలోమీటరు, చివర ఇళ్లు. నేను ఆరు బస్తాలు దించమన్నాను. లోడింగ్ మనిషి మేనేజరుకు ఫోన్ కలిపి ఇచ్చాడు. మేనేజరు అరవలేదు, చాలా మర్యాదగా 'సరే కెప్టెన్, మీరు అలసిపోయినట్టున్నారు, విశ్రాంతి తీసుకోండి' అన్నాడు. ఇంకో కెప్టెన్ వచ్చి అదే లోడుతో వెళ్లాడు.

సాయంత్రానికి క్షేమంగా తిరిగొచ్చాడు కూడా. ఈ సంగతి ప్రత్యేకంగా ఎందుకు చెప్తున్నానంటే, ఎక్కువ బరువుతో లేచిన విమానాలు చాలావరకు తిరిగే వస్తాయి. ఇంజిన్ బాగున్నంతసేపు, గాలి ఎదురు వీచినంతసేపు ఏమీ కాదు. అలా నెలల తరబడి ఏమీ కాకపోవడమే కుర్ర పైలట్‌కు పాఠం అయిపోతుంది. 'ఇది మోస్తుంది' అనుకుంటాడు. రెండు ఇంజిన్ల విమానమైతే ధైర్యం ఇంకా ఎక్కువ. కానీ ఒక ఇంజిన్ ఆగితే రెండోది ఎక్కించగలిగేది పుస్తకంలో రాసిన బరువు వరకే. దాటితే ఆ రెండో ఇంజిన్ కూలే చోటును కాస్త దూరం జరుపుతుంది, అంతే.

2015 నవంబరు 4న జూబాలో ఒక ఆంటొనోవ్ 12 టేకాఫ్ అయిన కాసేపటికే నైలు ఒడ్డున పడింది. 30 మందికి పైగా పోయారు. అది కార్గో విమానం. సిబ్బంది కొద్దిమందే, మిగతావాళ్లు ఎక్కకూడని ప్రయాణికులు. 2020 ఆగస్టులో అక్కడే ఇంకో కార్గో ఆంటొనోవ్ 26 కూలింది. జూబాలో, కాంగోలో సరుకు మీద జనం ఎక్కి కూర్చోవడం రోజూ చూస్తారు. తుపాకీ పట్టుకున్న సైనికుడు 'నా తమ్ముడు కూడా వస్తాడు' అంటే ఏం చేస్తారు? దీనికి జవాబు పైలట్ దగ్గర ఉండదు, కంపెనీ దగ్గర ఉండాలి. స్టేషన్ మేనేజరు వచ్చి మాట్లాడి దింపించే కంపెనీయా, 'సర్దుకోండి సార్' అనే కంపెనీయా? చేరక ముందే అక్కడ పనిచేసి వచ్చినవాళ్లను అడిగి తెలుసుకోవాల్సింది ఇదే.

మరి మంచి కంపెనీని ఎలా పోల్చుకోవాలి? బయటివాళ్లు వచ్చి లెక్కలు చూసే కంపెనీ మంచిది. ప్రపంచ ఆహార కార్యక్రమం నడిపే యూఎన్‌హాస్ విమాన సర్వీసుకు పనిచేసే ఆపరేటర్లకు ఆడిట్ ఉంటుంది. గని కంపెనీలకు ఎగిరే వాళ్లకు బార్స్ అనే ప్రమాణం ప్రకారం ఆడిట్ జరుగుతుంది. అలాంటి చోట లోడు షీటు తప్పుగా రాస్తే కాంట్రాక్టు పోతుందన్న భయం మేనేజరుకు ఉంటుంది, ఆ భయమే మీకు అండ. యూరోపియన్ యూనియన్ నిషేధ జాబితా కూడా చూడండి. కాంగో ప్రజాస్వామ్య రిపబ్లిక్, సూడాన్ దేశాల ఎయిర్‌లైన్లన్నీ ఏళ్లుగా అందులో ఉన్నాయి. జాబితాలో ఉన్న ప్రతి కంపెనీ చెడ్డదని కాదు, ఆ దేశపు అథారిటీ పర్యవేక్షణ మీద నమ్మకం లేదని అర్థం. అంటే మీకు అన్యాయం జరిగితే చెప్పుకునే చోటు కూడా అంతంతమాత్రమే.

యుద్ధం గురించి అడిగారు. నిజమే, ఉంది. 2007 మార్చిలో మొగడిషు నుంచి లేచిన ఇల్యూషిన్ 76ను కూల్చేశారు, బెలారుస్ సిబ్బంది 11 మంది చనిపోయారు. 2020 మే 4న సోమాలియాలోని బర్దాలే దగ్గర, కోవిడ్ సామగ్రి తీసుకెళ్తున్న కెన్యా రిజిస్ట్రేషన్ ఎంబ్రాయర్ 120 దిగబోతుండగా కింద ఉన్న ఇథియోపియా సైనికులే శత్రువనుకుని కాల్చారు, ఆరుగురు పోయారు. 2023 ఏప్రిల్‌లో సూడాన్ యుద్ధం మొదలయ్యాక ఖార్టూమ్ ఆకాశం మామూలు విమానాలకు మూతపడింది. 2025 జనవరిలో కాంగోలోని గోమా ఎం23 తిరుగుబాటుదారుల చేతికి పోవడంతో ఆ ఎయిర్‌పోర్టూ ఆగిపోయింది. అంతకుముందు 2002లో నైరగోంగో అగ్నిపర్వతం లావా దాని రన్‌వే ఉత్తరపు చివరను కప్పేసిన కథ వేరే. అయినా నా అభిప్రాయం అడిగితే, తుపాకీ కంటే ఆ బస్తాలే ఎక్కువ ప్రమాదం. తుపాకీ ఉన్న చోటికి వెళ్లాలా వద్దా అని ఇన్సూరెన్సు కంపెనీ, సెక్యూరిటీ మనిషి, ఆపరేషన్స్ అందరూ తలా ఒక మాట చెబుతారు. బస్తాల గురించి మీకు ఎవరూ చెప్పరు.

వాతావరణం రెండు ముక్కల్లో చెప్తాను. ఉరుముల పట్టీ సూర్యుడి వెంట జనవరిలో దక్షిణానికీ, జూలై ఆగస్టుల్లో ఉత్తరానికీ జరుగుతూ ఉంటుంది. విక్టోరియా సరస్సు మీద రాత్రిళ్లు, కాంగో తూర్పు కొండల మీద మధ్యాహ్నాలు మెరుపులు విపరీతం. కాబట్టి పొద్దున్నే బయల్దేరి భోజనాల వేళకు ఇంటికి రావాలన్నదే అందరూ పాటించే సూత్రం. రాడార్ చాలా చోట్ల లేదు. 126.9 మెగాహెర్ట్జ్ మీద మనమే మన స్థానం, ఎత్తు, ఎటు పోతున్నామో అందరికీ వినపడేలా ప్రకటించుకుంటూ పోవాలి, ఎదుటివాళ్లది వినాలి. ఇంగ్లిష్, ఫ్రెంచ్, రష్యన్ యాసలన్నీ ఒకే ఫ్రీక్వెన్సీలో వినిపిస్తాయి. మొదటి నెల ఏమీ అర్థం కాదు, టెన్షన్ పడొద్దు, అలవాటైపోతుంది. మారుమూల స్ట్రిప్పుల్లో ఇంధనం 200 లీటర్ల డ్రమ్ముల్లో ఉంటుంది. డ్రమ్ము సీలు చూడటం, నీళ్లు ఉన్నాయేమో పరీక్షించడం, ఫిల్టరు గుండా చేతి పంపుతో ఎక్కించడం మీ పనే. ఇంకెవరికీ అప్పగించొద్దు.

కాంట్రాక్టు చేతికొస్తే చదవాల్సినవి ఇవి. జీతం నెలకా, గంటకా? కనీస గంటల హామీ ఉందా? ఇంటికి వచ్చిన వారాలకు జీతం ఉంటుందా? ఆరు వారాలు పని, మూడు వారాలు సెలవు అన్న పద్ధతిలో ఈ ఒక్క మాట మీదే ఏడాది ఆదాయం మూడో వంతు మారిపోతుంది. టికెట్ ఎవరిది, బస ఎవరిది, రోజుభత్యం ఎంత? వర్క్ పర్మిట్ ఎవరు తెస్తారు? కెన్యాలో ఉద్యోగానికి క్లాస్ డి పర్మిట్ కావాలి, 'ముందు విజిటరుగా వచ్చేయండి, తర్వాత చూద్దాం' అంటే వెళ్లకండి. పట్టుబడితే జరిమానా, డిపోర్టేషన్ మీకే, కంపెనీకి కాదు. పాస్‌పోర్టు కంపెనీ బీరువాలో పెట్టమంటే ఇవ్వకండి. బాండు ఉంటే, వాళ్లు మూడు నెలలు జీతం ఆపినా ఆ బాండు చెల్లుతుందా అన్నది రాతపూర్వకంగా అడగండి. జీతం ఆలస్యం అక్కడ మామూలు జబ్బు. లైసెన్సు పోతే వచ్చే ఇన్సూరెన్సు, యుద్ధ ప్రాంతంలో కూడా చెల్లే జీవిత బీమా, ఈ రెండూ కాగితం మీద కనపడాలి.

లైసెన్సు సంగతి. ఏ దేశం రిజిస్ట్రేషన్ విమానం నడిపితే మన లైసెన్సుకు ఆ దేశపు ఆమోదమో (వాలిడేషన్), ఆ దేశపు లైసెన్సుగా మార్పిడో (కన్వర్షన్) కావాలి. సాధారణంగా ఎయిర్ లా పరీక్ష, క్లాస్ 1 మెడికల్, స్కిల్ టెస్ట్ ఉంటాయి. అక్కడి లైసెన్సు వచ్చిందని డీజీసీఏ లైసెన్సును, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్‌ను, ఇక్కడి మెడికల్‌ను గాలికి వదిలేయొద్దు. సెలవులకు వచ్చినప్పుడల్లా రెన్యువల్ పనులు చూసుకోండి. ప్రతి నెలా లాగ్‌బుక్కు మీద చీఫ్ పైలట్ సంతకం, స్టాంపు వేయించుకోండి. టెక్ లాగ్ (విమానంలో ఉండే ఫ్లైట్ల, మరమ్మతుల రికార్డు) పేజీల ఫోటోలు మీ దగ్గర పెట్టుకోండి. అక్కడి కంపెనీలు మూతపడటం ఎక్కువ, మూతపడ్డాక గంటలకు సాక్ష్యం ఇచ్చేవాడు దొరకడు. ఎడమ సీటు టర్బైన్ గంటలకు ఇక్కడ విలువ ఉంది. కాకపోతే సాక్ష్యం పక్కాగా ఉండాలి.

ఆరోగ్యం విషయంలో ఒకటే గట్టిగా చెప్తాను, మలేరియా. అక్కడిది ఎక్కువగా ఫాల్సిపారమ్ రకం, రోజుల్లో మనిషిని తీసుకుపోతుంది. పైలట్లు మెఫ్లోక్విన్ వాడకూడదు, దానికి తల తిరగడం లాంటి ఇబ్బందులు ఉన్నాయి. మిగతా మందుల్లో ఏది వాడాలో ఏవియేషన్ డాక్టరును అడగండి. ఇంటికొచ్చాక జ్వరం వస్తే మన ఊరి డాక్టరు వైరల్ అనో, డెంగీ అనో మొదలుపెడతాడు. లోపలికి వెళ్లగానే 'ఆఫ్రికా నుంచి వచ్చాను, మలేరియా రక్తపరీక్ష ఈరోజే చేయించండి' అనండి. యెల్లో ఫీవర్ టీకా వెళ్లడానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఆ కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం వాళ్లకుంది. విల్సన్‌లోనే ఆమ్రెఫ్ ఫ్లయింగ్ డాక్టర్స్ ఉంది. ఏడాదికి చందా కడితే తూర్పు ఆఫ్రికాలో ఎక్కడ పడ్డా విమానం పంపి తీసుకొస్తారు. కంపెనీ కట్టకపోతే మీరే కట్టుకోండి.

జీవితం ఎలా ఉంటుందన్నది ఊరిని బట్టి. నైరోబీలో పార్క్‌లాండ్స్ వైపు ఉంటే కందిపప్పు, చింతపండు, కరివేపాకు అన్నీ దొరుకుతాయి, గుజరాతీ కుటుంబాలు తరతరాలుగా ఉన్న చోటు. జూబాలో కాంపౌండ్ లోపల డబ్బా గది, ఏసీ, జెనరేటరు, చీకటి పడ్డాక బయటికి వెళ్లడం ఉండదు. అక్కడ ఒంటరితనం తట్టుకోలేక తాగుడు అలవాటైన మంచి పైలట్లను చూశాను. చేతిలో డాలర్లు ఉంచుకోవాలి, అదీ కొత్త నోట్లు. కాంగోలో అయితే అంచు కాస్త చిరిగినా, నోటు పాతదైనా కూరగాయలమ్మి కూడా తీసుకోదు. పన్ను విషయంలో ఆర్థిక సంవత్సరంలో ఇండియాలో 182 రోజుల లోపు ఉంటే ఎన్‌ఆర్‌ఐ హోదా వస్తుందన్నది మొదటి లెక్క. సెలవులు ఎక్కువైతే అది తారుమారవుతుంది కాబట్టి పాస్‌పోర్టు స్టాంపులతో పాటు ఒక ఆడిటరును కూడా దగ్గర పెట్టుకోండి.

మీ ఏజెంటు విషయానికి వస్తే, అతన్ని మూడు అడగండి. ఆపరేటర్ పేరు, ఆ కంపెనీ ఎయిర్ ఆపరేటర్ సర్టిఫికెట్ నంబరు, అది ఏ దేశం ఇచ్చింది. విమానం రిజిస్ట్రేషన్. ఆ కంపెనీలో ఇప్పుడు ఎగురుతున్న ఒక విదేశీ కో-పైలట్‌తో ఫోన్‌లో మాట్లాడించడం. ఆ కో-పైలట్ దొరికితే అతన్ని మీరు అడగాల్సింది జీతం కాదు. 'మీ కెప్టెన్ చివరిసారి ఎప్పుడు బస్తాలు దింపించాడు, తర్వాత అతనికి ఏమైంది' అని అడగండి. ఆపరేటర్ పేరు, సర్టిఫికెట్ నంబరు తెలిస్తే ఇక్కడే రాయండి, అక్కడ ఇంకా ఎగురుతున్న వాళ్లను అడిగి చెప్తాను. అప్పటిదాకా బ్యాంకు నుంచి డబ్బు కదపొద్దని నాన్నగారికి చెప్పండి.